పతిరూప దేశం: టౌనులోనా, సిటీ పక్కనా?



పోయిన ఆషాఢ పౌర్ణమి నాడు మా ఇంట్లో వందన అయిపోయి, అందరూ టీ తాగి వెళ్ళిపోయాక ఒక జంట మాత్రం కదలకుండా కూర్చున్నారు. అబ్బాయి ఇక్కడ తెనాలిలోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. అమ్మాయి ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. ఒక పాప. ఏదో అడగాలని వచ్చారు, కానీ ఎవరు మొదలుపెట్టాలో తేల్చుకోలేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

చివరికి అమ్మాయే అంది. "అన్నయ్యా, మంగళ సుత్తం చెప్పేటప్పుడు పతిరూప దేశంలో ఉండటం కూడా ఒక మంగళమే అన్నారు కదా. మరి మాకు అదెక్కడో చెప్పండి."

విషయం ఏంటంటే, అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడి దానికి రెట్టింపు. సిటీ నడిబొడ్డున అద్దెలు కట్టలేరు కాబట్టి ఘట్‌కేసర్ వైపు ఎక్కడో ఒక పోర్షన్ చూసుకోవాలి. అమ్మాయికి వెళ్ళాలని ఉంది. "ఇక్కడ పాపని బళ్ళో వేయడానికి వెళితే ఫారం చూడకముందే ఏ పేటమ్మా అని అడిగారు. అక్కడైతే ఎవరూ అడగరు కదా" అంటుంది. అబ్బాయికి కాలు కదలడం లేదు. "ఇక్కడ అమ్మావాళ్ళున్నారు. పౌర్ణమికి కూర్చోవడానికి ఈ పదిళ్ళున్నాయి. అక్కడ మాకెవరున్నారన్నయ్యా?" అంటాడు.

ఈ పుస్తకం చదువుతున్న మీ ఇంట్లో కూడా ఇదే మాట నడుస్తూ ఉండొచ్చు. లేదా మీరు ఎప్పుడో వెళ్ళిపోయి అక్కడి నుంచే చదువుతుండొచ్చు. నేను రెండు చోట్లా ఉన్నవాణ్ణి. పుట్టింది తెనాలిలో, పదకొండేళ్ళు హైదరాబాద్ అంచున, మళ్ళీ తెనాలి. ఆ పూట వాళ్ళకి చెప్పిన దాన్నీ, చెప్పడానికి నోరు రాక ఆగిపోయిన దాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను బి.ఏ. చదివినవాణ్ణి, పాలీ పండితుణ్ణి కాను. తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

ముందు ఒక సంగతి. మనవాళ్ళలో చాలామంది 'బాబాసాహెబ్ పల్లెలు వదిలి పట్నం పొమ్మన్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన పల్లెటూరి గురించి చెప్పిన మాటలు చాలా కటువైనవే. ఇతరులు స్వర్ణయుగం అని పొగిడిన ఊళ్ళో ఆయనకి అజ్ఞానం, సంకుచితం కనబడ్డాయి. అంతకుముందు 1942లో నాగపూర్‌లో జరిగిన మహాసభ మన జనానికి ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానమే చేసింది. ఊరి పొలిమేర మీద, ఊరికి కట్టుబడి బతకడం ఉన్నంతకాలం మనిషికి విముక్తి లేదని ఆ తీర్మానం వెనక ఉన్న ఆలోచన.

మన వైపు వాళ్ళకి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపాక మిగిలినవాళ్ళు ఎక్కడికి పరిగెత్తారు? చీరాలకి. తిరిగి ఆ ఊరికి పోమని అక్కడే కాలనీ కట్టుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపాక జనం ఎక్కడికి వచ్చారు? తెనాలికి. నేనప్పుడు ఐదో తరగతి. అమ్మ క్యారేజీలో అన్నం పెట్టుకుని శిబిరానికి తీసుకెళ్తుంటే వెనకే వెళ్ళేవాణ్ణి. ఒక పెద్దావిడ అన్నం తినకుండా గిన్నె ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చునేది. ఎందుకలా చూస్తుందని అమ్మనడిగితే, "ఊరు అటువైపుంది కదరా" అంది. ఇప్పటికీ చీరాల బండి చుండూరులో ఆగితే నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది.

అందుకే టౌనుని, అది ఎంత చిన్నదైనా, పల్లెతో కలిపి ఒకే గాటన కట్టకూడదంటాను. పాలీ గ్రంథాల్లో కూడా గామం, నిగమం, నగరం అని మూడు వేరు మాటలున్నాయి. గామం పల్లె. నగరం పెద్ద పట్నం. నిగమం సంత జరిగే ఊరు, వర్తకుల ఊరు, మన టౌను లాంటిది. భగవాన్ బుద్ధుడు ఈ మూడింటిలోనూ నడిచాడు. మనకి నిగమం ప్రాణం కాపాడుకున్న చోటు. ఆ కృతజ్ఞత మరిచిపోయి 'ఈ డొక్కు టౌనులో ఏముంది' అనే పిల్లలంటే నాకు కొంచెం కోపం. వాళ్ళ తప్పేం లేదనుకోండి, మనం చెప్పలేదు.

ఇక సిటీ సంగతి. బాబాసాహెబ్ బొంబాయిలో పరేల్ చాల్‌లో ఏళ్ళ తరబడి ఉన్నారు. తర్వాత దాదర్‌లో పుస్తకాల కోసమే అన్నట్టు ఇల్లు కట్టి రాజగృహ అని పేరు పెట్టుకున్నారు. సిటీ ఆయనకి కాలేజీ ఇచ్చింది, కోర్టు ఇచ్చింది, పత్రిక ఇచ్చింది. నిజమే. కానీ 1917లో బరోడా కూడా సిటీయే కదా! అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి ఆ సిటీలో తల దాచుకోడానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో రిజిస్టరులో పార్సీ పేరు రాయించుకుని ఉండాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి కర్రలు పట్టుకుని వచ్చి బయటకి పొమ్మన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగితే ఇద్దరూ తప్పించుకున్నారు. బొంబాయి బండి వేళయ్యేదాకా కామాఠీ బాగ్ అనే తోటలో గంటల తరబడి కూర్చున్నారు. ఇదంతా ఎవరో చెప్పింది కాదు, ఆయనే రాసిపెట్టారు. వేరే పేరు పెట్టుకున్న సంగతి కూడా దాచకుండా రాశారు.

ఆ ఒక్క ముక్క నేను చాలాసార్లు చదివాను. కారణం చెబుతాను.

హైదరాబాద్ అంచున నేను మొదట ఇల్లు అడగడానికి వెళ్ళినప్పుడు ఓనరుగారు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. అద్దె చెప్పారు, కరెంటు మీటరు చూపించారు. తర్వాత నెమ్మదిగా "మీరేమిట్లు బాబూ?" అన్నారు. "గుంటూరు వైపండీ" అన్నాను. "అది కాదు, మీరేమిట్లు?" అన్నారు మళ్ళీ. అప్పటికే రెండిళ్ళు చేజారాయి. కింద ఆటోలో సామాను ఉంది, నాన్న ఉన్నాడు. నోటికొచ్చిన ఒక కులం పేరు చెప్పేశాను. ఏ కులమో ఇక్కడ రాయను. ఆ ఉదయమే పంచశీల చెప్పుకుని బయల్దేరాను, నాలుగో శీలం పలికిన నోరే అది.

ఇల్లు దొరికింది. ఇక ఆ అబద్ధాన్ని రోజూ కాపలా కాయాలి. బాబాసాహెబ్ పటం బీరువాలోకి వెళ్ళింది. బుద్ధుడి బొమ్మ మాత్రం హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నాం. దానికేం ఇబ్బంది లేదు, ఆ వీధిలో సగం ఇళ్ళల్లో బుద్ధుడి బొమ్మ షోకేసులో ఉంటుంది. చూశారా, బాబాసాహెబ్ పక్కన లేకపోతే బుద్ధుణ్ణి ఎవరూ ప్రశ్నించరు. అలా తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఏప్రిల్ 14న ఎక్కడికో పెళ్ళికి వెళ్తున్నట్టు తెల్లబట్టలు సంచీలో పెట్టుకుని బయల్దేరేవాళ్ళం.

సిటీలో మేలు జరగలేదని కాదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నాకు అక్కడే దొరికింది. ఆదివారం విహారానికి వెళితే నీది ఏ పేట అని అడిగేవాళ్ళు లేరు. మరాఠీ వాళ్ళు, కన్నడం వాళ్ళు, మన ఆంధ్రా, తెలంగాణ వాళ్ళు పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ధ్యానం అంటే కళ్ళు మూసుకోవడం కాదని నాకు తెలిసింది అక్కడే. కానీ ఆ విహారం మా ఇంటికి రెండు బస్సుల దూరం. వారానికి ఒకసారి బౌద్ధుడిగా ఉండి, మిగిలిన ఆరు రోజులూ ఓనరుగారికి చెప్పిన మనిషిగా ఉండేవాణ్ణి.

నాన్న ఆ ఇంట్లోనే పోయాడు. తెల్లవారుజామున నాలుగింటికి. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. 22 ప్రతిజ్ఞలు ఒప్పజెప్పి దీక్ష తీసుకున్నవాడు, ఆ కాగితం మడత పెట్టి పర్సులో పెట్టుకునేవాడు. ఆరోగ్యం బాలేదని ముందు రోజే చెల్లి వచ్చింది. ఓనరుగారు పైకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం కంగారు పడకు, అన్నీ నేను చూస్తా" అన్నారు. నిజంగానే చూశారు. ఫ్రీజరు బాక్సు తెప్పించారు. ఏడింటికల్లా పంతులుగారిని కూడా పిలిపించారు. పంతులుగారు దర్భలు తీసి, నా వంక చూసి, "గోత్రం చెప్పండి" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఎంతసేపో తెలీదు. నాన్న పర్సు నా జేబులోనే ఉంది.

చెల్లి లోపల్నుంచి వచ్చింది. "మాకు గోత్రం లేదండీ. మేం బౌద్ధులం. అంబేడ్కర్ గారి వాళ్ళం" అంది.

ఆ తర్వాత జరిగినవి రెండు చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. కింద పోర్షన్‌లో ఉండే ఒకావిడ, మాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, ముందుకొచ్చి "మరి మీవాళ్ళు ఏం చదువుతారమ్మా? చదవండి, మేం నిలబడతాం" అంది. చెల్లి ఫోన్లో చూసుకుంటూ త్రిశరణం చదివింది. నాకు నోటికొచ్చు, గొంతు రాలేదు. పది పన్నెండు మంది ఆ వీధివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది ఒకటి. రెండోది, పదిహేను రోజులు తిరక్కుండా ఓనరుగారు "మా అబ్బాయి వస్తున్నాడు బాబూ, పోర్షన్ కావాలి" అన్నారు. అబ్బాయి నిజంగా వస్తున్నాడేమో. నేను అడగలేదు. అడిగే అర్హత తొమ్మిదేళ్ళ కిందే పోగొట్టుకున్నాను. "ముందే చెప్పుంటే అయిపోయేది కదా" అని మాత్రం ఆయన అన్నారు. ముందే చెప్పుంటే ఇల్లు ఇచ్చేవారో లేదో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

మన సంఘం వాళ్ళు ఆ రోజు వచ్చారు. సిటీ ఆ చివర నుంచి, ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టింది. వాళ్ళొచ్చేసరికి నాన్నని తీసుకెళ్ళిపోయాం.

ఇక్కడ మీకు మహాపరినిబ్బాన సుత్తంలో ఒక ఘట్టం గుర్తు చేయాలి. తథాగతుడు ఆఖరి ప్రయాణంలో కుసినారలో రెండు సాలవృక్షాల మధ్య పడుకుని ఉన్నాడు. ఆనందుడికి మనసొప్పలేదు. ఇంత చిన్న ఊళ్ళో, ఇలాంటి మట్టిగోడల మారుమూల పట్టణంలో భగవానుడు కన్నుమూయడం ఏమిటని బాధపడ్డాడు. చంప, రాజగృహం, సావత్థి, సాకేతం, కోసంబి, బారణాసి ఉన్నాయి కదా, అక్కడ మీకు గొప్ప గొప్ప ఉపాసకులున్నారు, వాళ్ళు ఘనంగా సాగనంపుతారు, అక్కడికి పోదాం అన్నాడు. ఆనందుడి మాట మన మాటే. పెద్దాసుపత్రి, పెద్ద బడి, పెద్ద మనుషులు.

బుద్ధుడు ఆ మాట అనొద్దన్నాడు. ఈ ఊరు ఒకప్పుడు కుశావతి అనే గొప్ప రాజధాని అని మహాసుదస్సనుడి కథ చెప్పాడు. ఇన్నేళ్ళూ నేను దీన్ని ఊరడింపు మాటగానే చదివాను. చిన్న ఊరిని తక్కువ చెయ్యొద్దు, దీనికీ ఒక చరిత్ర ఉంది అన్నట్టు. నాన్న పోయాక మళ్ళీ చదివితే నా కళ్ళు ఆ తర్వాతి భాగం మీద ఆగాయి. ఆనందుడు వెళ్ళి ఊళ్ళో మల్లులకి కబురు చెబుతాడు. వాళ్ళు సభలో ఏదో పని మీద ఉన్నారు. విన్న వెంటనే భార్యాబిడ్డలతో వచ్చేస్తారు. ఒక్కొక్కరినీ చూపిస్తూ పోతే తెల్లారిపోతుందని ఆనందుడు కుటుంబాలు కుటుంబాలుగా నిలబెట్టి, ఫలానా మల్లుడు తన వాళ్ళతో సహా నమస్కరిస్తున్నాడని పేరుపేరునా చెబుతాడు. తొలి జాము ముగిసేలోపు అందరూ చూసేశారు. ఆ రాత్రే సుభద్దుడు అనే పరివ్రాజకుడు వచ్చి ఆఖరి శిష్యుడయ్యాడు.

నడిచి వచ్చే దూరంలో ఉన్నారు కాబట్టి వచ్చారు. పేర్లు తెలుసు కాబట్టి చెప్పగలిగాడు.

అయితే దీన్ని పట్టుకుని బుద్ధుడు చిన్న ఊళ్ళ పక్షం అనుకుంటే అదీ పొరపాటే. సంప్రదాయం చెప్పే లెక్కలో ఆయన ఎక్కువ వర్షావాసాలు గడిపింది సావత్థిలో, 25. అది ఆనాటి మహానగరం. జేతవనం, పుబ్బారామం రెండూ ఆ నగరాన్ని అంటిపెట్టుకున్నవే. అసలు ఆరామానికి చోటు ఎలా ఎంచారో వినయ పిటకంలో ఉంది, అది చూస్తే ఈ జంట ప్రశ్నకి దాదాపు జవాబు దొరుకుతుంది. రాజగృహంలో బింబిసారుడు ఆలోచిస్తాడు. భగవానుడు ఉండే చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. జనం వచ్చిపోవడానికి వీలుండాలి. పగలు రద్దీ, రాత్రి రొద ఉండకూడదు. అలా వెతికి తన వేలువనాన్ని దానమిచ్చాడు. సావత్థిలో అనాథపిండికుడు కూడా ఇవే గుర్తులు పెట్టుకుని వెతికి జేతవనం కొన్నాడు.

మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు అంటే ఎంత? భిక్ఖువు పొద్దున పాత్ర పట్టుకుని ఊళ్ళోకి నడవాలి, భిక్ష తీసుకుని మధ్యాహ్నంలోపు తినేయాలి. సాయంత్రం గృహస్థులు పనులు ముగించుకుని ధమ్మం వినడానికి నడిచి రావాలి, మళ్ళీ ఇల్లు చేరాలి. ఇది కాలినడకతో కొలిచిన దూరం. మన సిటీ అంచు కాలనీలు మ్యాపులో చూస్తే జేతవనం లాగే ఉంటాయి, మరీ దూరం కాదు, మరీ దగ్గరా కాదు. కానీ అక్కడ మన కాలు ఎవరి గుమ్మం దాకా నడుస్తుంది? నేను తొమ్మిదేళ్ళలో మా వీధిలో ఎవరింటికీ నాలాగా నడిచి వెళ్ళలేదు.

సరే, తెనాలికి తిరిగొచ్చాం. ఇక్కడ స్వర్గం ఉందని చెబితే మీరు నమ్మరు, నమ్మొద్దు కూడా. ఇక్కడ అబద్ధం ఆడే వీలే లేదు, ఎందుకంటే మీ తాత పేరు కూడా కూరగాయల బండివాడికి తెలుసు. చెల్లి కూతురికి కుల ధృవీకరణ పత్రం కోసం ఒక ఆఫీసుకి వెళ్ళాం. మతం దగ్గర బౌద్ధం అని రాశాం. గుమాస్తా చూసి, "మతం మారారు కదా, అయితే బీసీ-సీ అవుతారు" అన్నాడు. అది క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకి పెట్టిన వర్గం అని, బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డ్ కులాలవారికి ఆ హోదా ఉంటుందని 1990లోనే షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వుని సవరించారని చెబితే, "అలాంటిదేం మా దగ్గర లేదు" అన్నాడు. మూడుసార్లు తిరిగాం. మూడోసారి చట్టం ప్రింటు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాం. మీకూ ఇలా జరిగితే వెనక్కి రాకండి, మతం గడిలో ఏదో ఒకటి రాసి పని కానిచ్చుకోకండి. పిల్ల కాగితం మీద మొదటి అబద్ధం మనమే రాయించినట్టు అవుతుంది.

బయటివాళ్ళ సంగతి అది. మనలో మన సంగతి ఇంకా కష్టం. మేం పౌర్ణమికి కూర్చునే పదిళ్ళలో ఏడిళ్ళు ఒక పేటవి, మూడు ఇంకో పేటవి. ఏ పేటలో రాయనక్కర్లేదు, మీకు అర్థమైంది. మొదటి సంవత్సరం ఆ మూడిళ్ళలో వందన పెడితే ఏడిళ్ళ వాళ్ళు వచ్చారు, వందన చేశారు, టీ మాత్రం 'ఇప్పుడే తాగొచ్చాం' అన్నారు. నేనూ ఒకసారి అన్నాను. త్రిశరణం చెప్పిన అరగంటకి. అది గమనించింది మా అమ్మ. తర్వాతి పౌర్ణమికి ఆ ఇంటికి పొద్దున్నే వెళ్ళి వాళ్ళతో పాటు పప్పు రుబ్బి, గారెలు వేసి, మేం వెళ్ళేసరికి అందరికీ తనే వడ్డించింది. ఎవరూ నోరెత్తలేదు. సిటీ విహారంలో నన్ను ఎవరూ పేట అడగలేదు కాబట్టి నాలో ఆ జబ్బు పోయిందనుకున్నాను. అడగలేదు కాబట్టి బయటపడలేదు, అంతే. టౌను దాన్ని మూడు నెలల్లో బయటకి లాగింది.

ఇదంతా ఆ జంటతో ఒకే బిగిన చెప్పలేదు. పాప నిద్రపోయింది, అమ్మ దుప్పటి కప్పింది. అమ్మాయి మధ్యలో ఒకటి అడిగింది. "అయితే మీరు అబద్ధం చెప్పుండకపోతే సిటీయే మంచిదంటారా?" కావచ్చు అన్నాను. అబ్బాయి అన్నాడు, "మరి ఇల్లు దొరక్కపోతే?" దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. బాబాసాహెబ్‌కే దొరకలేదు. పసిపిల్లని పెట్టుకుని వీధిలో నిలబడిన మనిషికి శీలం గురించి పాఠం చెప్పడం సులువు.

నేను చెప్పగలిగిందల్లా ఇది. ఒకసారి శాక్యుల నిగమంలో ఉన్నప్పుడు ఆనందుడు వచ్చి, కల్యాణమిత్రులుంటే ధమ్మజీవితంలో సగం ఉన్నట్టే కదా అన్నాడు. బుద్ధుడు సగం కాదు, అదే మొత్తం అన్నాడు. అందుకని ఇల్లు వెతికేటప్పుడు కంపెనీ ఎంత దూరం, బడి ఎంత దూరం అని కొలిచినట్టే, నడిచి వెళ్ళే దూరంలో మనవాళ్ళ ఇల్లు ఒక్కటైనా ఉందా అని కొలవండి. అద్దె ఐదొందలు ఎక్కువైనా సరే. ఒక్క ఇల్లూ లేకపోతే మొదటి ఇల్లు మీదే అవ్వాలి, దానికి ముందు మీరు ఎవరో తెలియాలి. పటం బీరువాలో ఉంటే ఎవరు తలుపు కొడతారు? ఓనరు అడిగితే బౌద్ధులం అని చెప్పండి. రెండిళ్ళు పోతాయి, మూడు పోతాయి. అది అబద్ధం కంటే చవక అని నేను లెక్క చూసి చెబుతున్నాను, తొమ్మిదేళ్ళ వడ్డీ కట్టాను కాబట్టి. ఉండిపోతే కూడా ఇదే లెక్క. తెనాలిలో ఉన్నంత మాత్రాన పదిళ్ళూ మనవి కావు, వాటిలో మంచినీళ్ళు తాగాలి.

ఇంకో మాట కూడా చెప్పాను, అబ్బాయి చరిత్ర ఇష్టపడతాడని. మన రేపల్లె లైన్లో భట్టిప్రోలు స్టేషను ఉంది కదా. 1892లో అక్కడి స్తూపంలో అలెగ్జాండర్ రే అనే ఆయన తవ్వితే ధాతువులున్న కరండాలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీలో రాతలున్నాయి. కుబీరకుడనే రాజు పేరు ఉంది. దానితో పాటే గోఠి అని, నెగమ అని, వరసగా మనుషుల పేర్లు చెక్కించారు. గోఠి అంటే సమితి. నెగమ అంటే ఆ నిగమం వాళ్ళు. రెండువేల ఏళ్ళ కిందట ఒక చిన్న ఊళ్ళో కొంతమంది కూడి ఒక పని చేసి, పేర్లు దాచుకోకుండా రాతి మీద పెట్టారు. ఆ బండిలో నెలకి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి, చిన్నప్పుడు, ఎవరూ చెప్పలేదు.

బాబాసాహెబ్ కూడా 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చాక అక్కడితో ఆగలేదు. 16న చాందాకి వెళ్ళి అక్కడి జనానికి ఇచ్చారు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నాం. ఒంట్లో బాగాలేదు, రెండు నెలలు కూడా బతకలేదు. అయినా ఆ టౌనుకి వెళ్ళారు. వాళ్ళనే నాగపూర్ రమ్మని ఉండొచ్చు కదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ జంట వెళ్ళిపోయారు. హైదరాబాద్‌కే. వెళ్ళేముందు రోజు అబ్బాయి వచ్చి వందన పుస్తకం ఒకటి, బాబాసాహెబ్ పటం ఒకటి తీసుకెళ్ళాడు. దసరా వెళ్ళాక అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నాలుగిళ్ళు పోయాయి. ఐదో ఆవిడ ఒక్క నిమిషం ఆగి, నాన్‌వెజ్ వండుకుంటే వండుకోండి, గోడలకి మేకులు మాత్రం కొట్టొద్దు అంది. అందుకే బాబాసాహెబ్‌ని కిటికీ అరుగు మీద పెట్టాం, వీధి వైపుకి."

బాగుందమ్మా అన్నాను.

"అది కాదు, వినండి. మొన్న ఆదివారం పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. వెనక సందులో ఉంటారంట, నల్గొండ వైపు వాళ్ళు. ఆయన కిటికీ చూపించి, మీరు మనోళ్ళా అన్నాడు. వాళ్ళు ఆ సందులోకి వచ్చి ఆరేళ్ళయిందంట. వాళ్ళ పటం బీరువాలో ఉందంట." ఆపి, నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. "వచ్చే పౌర్ణమికి మా ఇంట్లో కూర్చుంటున్నాం. వాళ్ళు, వాళ్ళకి తెలిసిన ఇంకో ఇల్లు. పుస్తకాలు ఒక పది పంపుతారా? మీ అమ్మగారిని గారెల పిండి కొలతలు కూడా అడిగి చెప్పండి."

పుస్తకాలు రేపల్లె బండిలో తెలిసినవాళ్ళ చేత పంపాను. పదడిగితే పదిహేను పెట్టాను.

జై భీమ్. నమో బుద్ధాయ.